41 రోజులు మాల వేసుకునేవాణ్ని, నాలుగు రోజులు చక్కెర మానలేకపోతున్నాను

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నాకు 44 ఏళ్లు. ఖమ్మంలో ఒక ప్రైవేటు ఫైనాన్స్ ఆఫీసులో అకౌంటెంట్‌ని. డిసెంబరులో రక్తపరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ, అదే మూడు నెలల షుగర్ సగటు, 6.2 వచ్చింది. "షుగర్ ఇంకా రాలేదు, గుమ్మం దగ్గరుంది. ఇప్పుడే మందులు వద్దు, తిండి మార్చుకుని మూడు నెలల తర్వాత రండి" అన్నారు డాక్టరు. జనవరి 1 నుంచి చక్కెర బంద్, రాత్రి అన్నం బంద్, దాని బదులు జొన్నరొట్టె, రోజుకు మూడు లీటర్ల నీళ్లు అని పెట్టుకున్నాను. నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజు మా అన్న కూతురి ఓణీల ఫంక్షన్‌లో రెండు జిలేబీలు తిన్నాను. ఇంక అయిపోయిందిలే అనిపించి మళ్లీ మామూలే. ఉగాదికి మళ్లీ మొదలుపెట్టాను, వారం దాటలేదు. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని వీడియోల్లో చెబుతారు. నాకు ఆ 21 ఎప్పుడూ రావడం లేదు. విచిత్రం ఏమిటంటే, ఏటా అయ్యప్ప మాల వేసుకుంటాను. 41 రోజులు మాంసం, మందు, సిగరెట్ ఏదీ ముట్టను. కష్టంగా కూడా అనిపించదు. మరి ఇదెందుకు కావడం లేదు? నాకు మనోబలం లేదా?

రోజుకు ఆరు టీలు తాగుతాను, రెండేసి చెంచాల చక్కెరతో. సాయంత్రం నాలుగింటికి ఆఫీసు కింద బండి దగ్గర బజ్జీలు. ఇంటికెళ్లి తినేసరికి పది అవుతుంది. ఇంట్లో నలుగురం. పెరుగన్నంలోకి ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు. మందు ఆదివారాలు కొద్దిగా.
తా.క.: చక్కెర బదులు బెల్లం వాడితే పర్వాలేదా అని మా ఆవిడ అడగమంది.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు మనోబలం సంగతి తేల్చేద్దాం. చలికాలంలో తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, నేల మీద పడుకుని, 41 రోజులు సిగరెట్ ముట్టని మనిషికి మనోబలం లేదని ఎవరంటారు? మీకు కావలసినంత ఉంది. కానీ మాలలో ఉన్నప్పుడు దాన్ని మీరు పెద్దగా వాడుకోవడం లేదు. కష్టంగా అనిపించకపోవడానికి కారణం అదే.

ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్టలు చూశాక ఆఫీసులో ఎవరూ మీ ముందు సిగరెట్ పెట్టె చాపరు. ఆదివారం సాయంత్రం ఫోన్ చేసే స్నేహితుడు ఆ నెలన్నరా చేయడు. ఇంట్లో మాంసం వండరు. మధ్యాహ్నం భిక్ష, రాత్రి అల్పాహారం. ఏం తినాలి, ఎప్పుడు తినాలి, ఎంత తినాలి అని మీరు ఆలోచించే పనే లేదు. ఏదైనా అనుమానం వస్తే గురుస్వామి ఉన్నారు, పక్కన తోటి స్వాములున్నారు. మీ ఆవిడ పొద్దున్నే లేచి మడిగా వండి పెడుతున్నారు. మీరొక్కరే చేస్తున్నారనుకుంటున్న పనికి అంతమంది చేయి వేస్తున్నారు.

జనవరి 1న వీటిలో ఒక్కటీ లేదు. బండి అక్కడే ఉంది, బజ్జీ వాసన అక్కడే ఉంది, ఆఫీసు బాయ్ పదకొండింటికి టీ తెచ్చి బల్ల మీద పెడుతూనే ఉన్నాడు. మీరు దీక్షలో ఉన్నారన్న సంగతి మీకు తప్ప ఎవరికీ తెలియదు. పైగా ఒకేరోజు మూడు పనులు మొదలుపెట్టారు. నాలుగు రోజులు ఆగారంటే అదే ఎక్కువ.

అలాగని తిండి విషయంలోనూ ఒక మాల వేసుకోండని చెప్పను. దీక్షకు ముగింపు ఉంటుంది. శబరిమల నుంచి తిరిగొచ్చి మాల తీశాక ఎన్ని గంటలకు మొదటి సిగరెట్ వెలిగించారో మీరు రాయలేదు, నేను అడగను కూడా. తినే అలవాటు అలా ఒక తేదీన తీసి పక్కన పెట్టేది కాదు. అందుకని దీక్షలో చుట్టూ ఉండే ఏర్పాటును తీసుకోండి, "పూర్తిగా బంద్" అన్నదాన్ని వదిలేయండి. దానికి సరిపోయేవి చిన్న చిన్న పందేలు. ఒకసారికి ఒకటే. అది ఏ పూట, ఎక్కడ, ఏ వస్తువు గురించో ముందే తెలిసి ఉండాలి. "చక్కెర మానేస్తాను" పందెం కాదు. "భోజనం అయ్యాక తెచ్చే టీ తాగను" పందెం.

ఇక ఆ 21 రోజుల లెక్క. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఒక్కొక్కరూ తినడం, తాగడం, వ్యాయామం వీటిలో ఏదో ఒక చిన్న పని ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చేశారు. ఆ పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే సరిపోయాయి, ఆ పన్నెండు వారాల తీరును బట్టి అంచనా వేస్తే కొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్క తేలింది. మీ ఉత్తరానికి పనికొచ్చేది అందులో ఇంకొకటుంది: మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదు. అంటే రెండు జిలేబీలు తినడం వల్ల మీ జనవరి పాడవలేదు. "ఇంక అయిపోయిందిలే" అనుకోవడం వల్ల పాడైంది. మాలలో నియమం తప్పితే అపచారం అనుకుంటాం కాబట్టి ఆ భయం మనల్ని కాపాడుతుంది. జిలేబీకి ఆ లెక్క పెట్టుకుంటే మొదటి ఫంక్షన్‌కే ఓడిపోతాం, మనకా ఫంక్షన్లకు కొదవ లేదు.

మొదటి పందెం టీ మీద పెట్టండి. ఆరు టీలు, రెండేసి చెంచాలు, మొత్తం పన్నెండు. అంచుకు సమంగా తీసిన చెంచాకు 4, 5 గ్రాముల చక్కెర వస్తుంది కాబట్టి రోజుకు 50 నుంచి 60 గ్రాములు టీలోనే పోతోంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజంతటికీ 25 గ్రాములు దాటకూడదు. చెంచా కుప్పగా తీసే ఇల్లయితే మీ లెక్క ఇంకా పెరుగుతుంది. ఒకసారి చూసుకోండి, చాలా ఇళ్లలో చక్కెర డబ్బాలో ఉండేది టీ చెంచా కాదు, టిఫిన్ చెంచా.

అయినా ఆరింటినీ ముట్టుకోవద్దు. మధ్యాహ్నం భోజనం అవగానే తాగే ఒక్క టీ మానండి. దాన్నే ఎందుకంటే, టీలోని టానిన్లు మనం తిన్న పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దని ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. పైగా ఆ టీ మీరు దాహమేసి తాగుతున్నది కాదు, బాయ్ తెచ్చాడు కాబట్టి తాగుతున్నది. అతనికి ముందే చెప్పేయండి, ఆ పూట మీ గ్లాసు తేవద్దని. కప్పు బల్ల మీదికి వచ్చాక వద్దనడం కష్టం, రాకముందు వద్దనడం సులువు. ఇంటి నుంచి సీసాలో పల్చని మజ్జిగ తెచ్చుకుంటే చేతికి ఖాళీ అనిపించదు.

రెండు మూడు వారాల్లో అది కుదురుకున్నాక ఇంట్లో తాగే టీల దగ్గరికి రండి. రెండు చెంచాలు ఒకటిన్నర, కొన్నాళ్లకు ఒకటి. మొదటి వారం చప్పగా ఉంటుంది, తర్వాత నాలుక సర్దుకుంటుంది. ఇంకొన్నాళ్లకు పాత టీ తాగితే మీకే పానకంలా అనిపించవచ్చు. బయట టీ కొట్టులో మాత్రం ఈ ఉపాయం పనిచేయదు. పెద్ద గిన్నెలో పాలు, పొడి, చక్కెర అన్నీ కలిసే మరుగుతుంటాయి. "చక్కెర తక్కువ" అని అడిగితే ఆయన ఇంకాస్త పాలు పోసి ఇస్తాడు, అంతే. అక్కడ తగ్గించగలిగింది గ్లాసుల సంఖ్యే. చక్కెర లేని టీ విడిగా కాచే కొట్టు దగ్గర్లో ఉంటే మీ అదృష్టం.

నాలుగింటి బజ్జీల గురించి నాకు మీ మీద కోపం లేదు. ఒంటిగంటకు తిని రాత్రి పదింటి దాకా ఆగాలంటే తొమ్మిది గంటలు. నాలుగింటికి వేసేది నిజమైన ఆకలి. దాన్ని నోరు కట్టుకుని గెలవలేరు, గెలవాల్సిన పని కూడా లేదు. బజ్జీ మానొద్దు, దానికి ముందు ఒకటి తినండి. ఒక జామకాయో, ఇంటి నుంచి తెచ్చుకున్న గుప్పెడు ఉడికించిన శనగలో, వేరుశనగలో. అది తిన్నాకే బండి దగ్గరికి దిగాలి, అదీ పందెం. కడుపులో ఏదో ఒకటి పడ్డాక నాలుగు బజ్జీలు తినే మనిషి రెండింటితో లేస్తాడు. కొన్ని రోజులు దిగబుద్ధి కూడా కాదు. "ఏం సార్, షుగరా?" అని పక్క సీటాయన అడుగుతాడు, తప్పకుండా అడుగుతాడు. మాలలో ఉన్నప్పుడు ఈ ప్రశ్నే రాదు. దానికి ఒక జవాబు ముందే సిద్ధం చేసుకోండి: "డాక్టరు మూడు నెలలు జాగ్రత్తగా ఉండమన్నారు." అంతకు మించి వివరిస్తే చర్చ మొదలవుతుంది, కాకరకాయ రసం దాకా పోతుంది.

ఇప్పుడు రాత్రి అన్నం. మీ జనవరి జాబితాలో నాకు నచ్చని మాట ఒకటుంది, జొన్నరొట్టె. జొన్న మంచిదే. కానీ రాత్రి పదింటికి వేడినీళ్లు పోసి పిండి కలిపి, ముద్ద చేసి చేత్తో తట్టి, పెనం మీద వేసి పైన నీళ్లు అద్ది కాల్చేదెవరు? పిల్లలకు అన్నం, మీకు రొట్టె అని రెండు వంటలు. శపథం మీది, చాకిరీ మీ ఆవిడది. అలాంటి పందెం నాలుగు రోజులు నడిచిందంటే ఆమె ఓపికకే దండం పెట్టాలి. ఆదివారం మీరే తట్టడం నేర్చుకుంటానంటే ఆ మాట వేరు.

మన భోజనమే అన్నం చుట్టూ తిరుగుతుంది. పప్పులోకి కొంచెం, కూరలోకి కొంచెం, చారులోకి కొంచెం, పెరుగులోకి మళ్లీ కొంచెం. ఎవర్నడిగినా నేను కొంచెమే తింటానంటారు, నిజమే, నాలుగుసార్లు కొంచెం. అందుకని పందెం ఇలా పెట్టుకోండి: అన్నం ఒకేసారి వడ్డించుకోవాలి, దాంతోనే పప్పు దగ్గర్నుంచి పెరుగు దాకా రావాలి. మారు వడ్డన లేదు. కూర మాత్రం ఎంతైనా వేసుకోవచ్చు, వేపుడు కాకుంటే. మొదటి రెండు రోజులు పెరుగు దగ్గరికొచ్చేసరికి కంచం ఖాళీ అవుతుంది. మూడో రోజు నుంచి పప్పులో కలిపే ముద్ద మీ చేయే తగ్గిస్తుంది. కంచంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని పోషకాహార సంస్థ చెబుతుంది. రోజుకు 400 గ్రాముల కూరగాయలు, అందులో బంగాళాదుంప లెక్క కాదు. మన ఇళ్లలో నలుగురికి కలిపి పావుకిలో బెండకాయలు వేయిస్తాం. కాబట్టి కూర రెట్టింపు కొనడం, తరిగి ఇవ్వడం మీ వంతు పెట్టుకోండి. వీలైతే తినే వేళ పది నుంచి తొమ్మిదికి జరపండి, వీలు కాకపోతే దాని గురించి టెన్షన్ పడొద్దు.

ఆవకాయ మానమనను. మిర్చి మార్కెట్ ఉన్న ఊరివాళ్లతో ఆ మాట అనే ధైర్యం నాకు లేదు. జాడీ మాత్రం భోజనాల దగ్గరికి తేవద్దు. ఒక చిన్న గిన్నెలో ఆ పూటకు కావలసినంత తీసుకోండి, పెరుగన్నానికి మాత్రమే. ఆవకాయ ఉన్న పూట అప్పడం, వడియాలు వద్దు. బీపీ చూపించుకున్నట్టు మీరు రాయలేదు, ఈసారి అదీ చూపించండి.

ఉప్పు, నూనె విషయంలో మీరొక్కరు చేయగలిగింది లేదు, ఇంటిల్లిపాదీ ఆడాల్సిన ఆట అది. మీ పిల్లల చేత నూనె ప్యాకెట్ మీద, ఉప్పు ప్యాకెట్ మీద విప్పిన తేదీ స్కెచ్ పెన్నుతో రాయించండి. మనిషికి రోజుకు 5 గ్రాముల ఉప్పు హద్దు అనుకుంటే నలుగురికి 20 గ్రాములు, అంటే కిలో ప్యాకెట్ 50 రోజులు రావాలి. పచ్చళ్లలోది, బయట తిండిలోది ఈ లెక్కలోకి రాదు కాబట్టి ఇంకా ఎక్కువే రావాలి. నూనె మనిషికి రోజుకు 27 గ్రాముల చొప్పున చూస్తే నలుగురికి లీటరు ప్యాకెట్ దాదాపు ఎనిమిది రోజులు. మీ ఇంట్లో ఐదు రోజులకే అయిపోతుంటే ఎనిమిది అని పట్టుబట్టొద్దు, వచ్చే ప్యాకెట్ ఆరో రోజు దాకా రావాలి, అదే పందెం. మన ఆహార భద్రతా సంస్థ 2018లో ఈట్ రైట్ ఇండియా మొదలుపెట్టినప్పుడు "ఆజ్ సే థోడా కమ్" అని ప్రచారం చేసింది, ఇవాళ్టి నుంచి కాస్త తక్కువ అని. ప్రభుత్వ నినాదాల్లో నాకు నిజంగా నచ్చినవి తక్కువ, ఇదొకటి. ఎవరికీ చెప్పకుండా చారులో చిటికెడు ఉప్పు తగ్గించి చూడమనండి మీ ఆవిడను. చెబితే మాత్రం ఆ రోజు అందరికీ చప్పగానే ఉంటుంది.

మూడు లీటర్ల నీళ్ల పందెం మానేయండి. మామూలు రోజుల్లో రెండు లీటర్లు, మీ ఊరి ఎండల్లో ఇంకాస్త ఎక్కువ, దాహం వేసినప్పుడల్లా తాగితే చాలు. మూత్రం లేత రంగులో ఉంటే సరిపోతున్నట్టే.

మందు సంగతి ఒక్క ముక్కలో దాటేశారు, నేనూ పెద్దగా సాగదీయను. ఇంత తాగితే ప్రమాదం లేదు అని చెప్పగల మోతాదు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. గ్లాసులో కూల్‌డ్రింక్ కలిపే అలవాటుంటే, 250 మిల్లీలీటర్ల సీసాతో ఇంచుమించు 26 గ్రాముల చక్కెర, ఒక రోజు హద్దు అంతా దాంతోనే అయిపోతుంది. పక్కన ప్లేట్లో ఉండే మిక్చర్, పకోడీ వేరే. మాల నెలన్నరలో ఆ స్నేహితుడు ఫోన్ చేయడు కదా, మిగతా నెలల్లో కూడా ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం చేయొద్దని చెప్పండి. ఇంట్లో సీసా ఉంచొద్దు. సిగరెట్ విషయంలో మాత్రం "కాస్త తక్కువ" సలహా ఇవ్వను, మాల తీశాక మళ్లీ వెలిగించకపోవడమే పద్ధతి. దానికి డాక్టరు సాయం తీసుకోండి.

ఫంక్షన్లకు ఒక నియమం ముందే రాసి పెట్టుకోండి, విస్తట్లో స్వీటు ఒకటి. తినండి, తృప్తిగా తినండి. అది తప్పు కింద రాదు, పందెంలో భాగమే. ఇక మామూలు రోజుల్లో ఎప్పుడైనా తప్పితే, వరుసగా రెండో రోజు తప్పకుండా చూసుకోండి. లెక్క రాసుకోవడానికి యాప్‌లు అక్కర్లేదు. మీ వంటింటి గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తుంటారు కదా, అదే గడిలో టిక్కు పెట్టండి. రోజూ పాలు రాసే చేయి టిక్కు మర్చిపోదు, మీరు మర్చిపోతే మీ ఆవిడ అడుగుతారు. గురుస్వామి లేని లోటు అలా తీరుతుంది.

డాక్టరు మూడు నెలలకు రమ్మన్నారు. ఉగాది దాటింది, మీరింకా వెళ్లినట్టు లేదు. పందేలు గెలిచాక వెళ్దామని ఆగకండి, ఈ వారమే వెళ్లండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ఉంటే షుగర్ ముందు దశ అంటారు. ఆ పరీక్ష సుమారు గత మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి ఇప్పుడొకటి చేయిస్తే ఎక్కడ మొదలుపెట్టారో తెలుస్తుంది, మూడు నెలలకు ఇంకొకటి చేయిస్తే ఎటు వెళ్లారో తెలుస్తుంది. ఈలోగా దాహం బాగా పెరిగినా, రాత్రిళ్లు పదేపదే మూత్రానికి లేవాల్సి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా ఆ మూడు నెలలు ఆగొద్దు.

మీ ఆవిడ ప్రశ్నకు: బెల్లంలో కొద్దిపాటి ఖనిజాలు ఉంటాయి, కానీ అందులోనూ ఎక్కువ భాగం చక్కెరే. రక్తంలో గ్లూకోజ్ పెంచడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఆ రుచి ఇష్టమైతే వాడుకోండి, కానీ పైన చెప్పిన పన్నెండు చెంచాల లెక్కలోనే కలపండి. తర్వాత తేనె గురించి, తాటిబెల్లం గురించి అడుగుతారేమో, వాటికీ ఇదే జవాబని చెప్పండి.